కొయ్యకాళ్ల మధ్య నిలిచే పెసర: సంకరం నుంచి పొలం పరీక్ష దాకా

శ్రీకాకుళం జిల్లాలో నవంబరు చివర వరి మడి గట్టున నిలబడితే, కోతకు సిద్ధమైన చేనులోకి గింజ చల్లుతున్న రైతు కనిపిస్తాడు. నాగలి లేదు, దుక్కి లేదు, నీటి తడి లేదు. కోతకు రెండు మూడు రోజుల ముందు మడిలో చల్లిన పెసలు వరి నీడలోనే మొలకెత్తుతాయి. ఆ తరువాత నేలలో మిగిలిన తేమ మీద, మాఘం దాకా కురిసే మంచు మీద బతికి, అరవై ఐదు రోజులు తిరిగేసరికి కాయలిస్తాయి. కొన్ని ఊళ్లలో ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాక లేత మొలకలు చక్రాల కింద నలుగుతున్నాయని, యంత్రం వెళ్లాకే విత్తుతున్నారు. ఎలా విత్తినా ఈ పంట పెరిగేది కోశాక మిగిలే వరి కొయ్యకాళ్ల మధ్యనే.

కొత్త రకం తయారు చేయాలనుకునేవారు మొదట మరిచిపోయేది ఇదే. చక్కగా దున్ని, సాళ్లు తీసి, రెండు తడులు పెట్టిన మడిలో గెలిచిన మొక్క ఈ నేలలో గెలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే పట్టుదల మీద నడుస్తుంది: మొక్క ఎక్కడ బతకాలో, పరీక్ష అక్కడే జరగాలి. ఇది వ్యవసాయ విద్యార్థులకు, క్షేత్ర సహాయకులకు, సొంత విత్తనం మీద మమకారమున్న రైతులకు పనికొస్తుందన్న ఆశతో రాస్తున్నాను.

ఏం కావాలో ముందే రాసుకోవడం

నోటు పుస్తకం మొదటి పుటలో “అధిక దిగుబడి” అని రాస్తే ఏమీ రాయనట్లే. స్వర్ణ లాంటి 150 రోజుల వరి తరువాత విత్తే చేనుకు మిగిలేది చిన్న గడువు. ఫిబ్రవరి చివరి ఎండలకు నేల బీటలు వారేలోగా పంట చేతికి రావాలి. కాబట్టి మొదటి లక్షణం 60–65 రోజుల్లో కోతకు రావడం. రెండవది, కాయలు ఆకుల పైన కనబడటం, ఒక్కసారే పండటం. మూడు విడతలుగా కోయాల్సిన రకానికి కూలి ఖర్చు పంట విలువను తినేస్తుంది. మూడవది ఆకులను పసుపెక్కించే పల్లాకు తెగులును తట్టుకోవడం, నాలుగవది డిసెంబరు, జనవరి చలిలో వచ్చే బూడిద తెగులును తట్టుకోవడం. ఐదవది, వరి దుబ్బుల నుంచి మళ్లీ లేచే పిలకలతో పోటీపడే తొలి ఎదుగుదల. ఈ చివరి దానిని పరిశోధన కాగితాల్లో తక్కువగా చూస్తాం గాని, మడిలో తేడా తేల్చేది చాలాసార్లు అదే.

విజయనగరం వైపు చీపురుపల్లి, గజపతినగరం మెట్ట ఎర్ర నేలలకైతే ఈ పట్టిక మారుతుంది. అక్కడ ఖరీఫ్ తొలకరి పైరే ముఖ్యం, కోత వేళ వాన పడితే కాయలోనే గింజ మొలకెత్తడం పెద్ద బెడద. ఒకే రకం రెంటికీ సరిపోవాలని పట్టుబట్టకండి.

తల్లీ తండ్రీ ఎవరు

తల్లిగా స్థానికంగా నిలదొక్కుకున్న రకాన్ని తీసుకోవడం మంచి అలవాటు. గుంటూరు లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌జీజీ 460 కాయలు మొక్క పై భాగంలో గుత్తులుగా ఉండి ఒకేసారి కోతకు వస్తాయి. ట్రాంబేలో పుట్టిన టీఎం 96-2 బూడిద తెగులును తట్టుకుంటుంది, మాగాణి పెసరగా పేరు తెచ్చుకుంది. పల్లాకు తెగులుకు వరంగల్ నుంచి వచ్చిన డబ్ల్యూజీజీ 42, కాన్పూరు నుంచి వచ్చిన ఐపీఎం 2-14 మంచి తండ్రులు. యాభై అయిదు రోజుల లోపే పండే విరాట్ అనే ఐపీఎం 205-7 ను తొందర పంట కోసం వాడవచ్చు.

ఉదాహరణకు ఎల్‌జీజీ 460 తల్లిగా, ఐపీఎం 2-14 తండ్రిగా ఒక సంకరం, టీఎం 96-2 తో మరొకటి చేసి, ఆ రెండింటి సంతతిని తిరిగి కలిపితే రెండు తెగుళ్ల నిరోధం ఒక చోటికి చేరే అవకాశం ఉంటుంది. ఇంట్లో దాచిన ఊరి పెసలను కూడా పక్కన పెట్టవద్దు. దిగుబడి తక్కువే కావచ్చు. కొయ్యకాళ్లలో తరతరాలుగా బతికిన గింజకు ఆ నేల గుర్తుంటుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. కొన్ని రకాల మొలక కాడ ఊదా రంగు, కొన్నింటిది ఆకుపచ్చ. ఊదా రంగు బహిర్గత లక్షణం, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా సంతతిలో బయటపడేది. ఆకుపచ్చ కాడ ఉన్న దానిని తల్లిగా, ఊదా కాడ ఉన్న దానిని తండ్రిగా పెట్టుకుంటే, మొలక దశలోనే నిజమైన సంకరం ఏదో, పొరపాటున తన పుప్పొడితోనే స్వపరాగం జరిగినదేదో తెలిసిపోతుంది. ఆకుపచ్చ కాడతో లేచిన మొలకను నిర్దాక్షిణ్యంగా పీకేయవచ్చు.

సాయంత్రం పట్టకారు, ఉదయం పుప్పొడి

పెసర స్వపరాగ సంపర్కపు పంట. పువ్వు తెల్లవారుజామున విచ్చుకునేలోగా లోపల పుప్పొడి రాలిపోయి ఉంటుంది. అందుకే ముందు రోజు సాయంత్రం నాలుగు నుంచి ఆరు గంటల మధ్య మొగ్గను పట్టుకోవాలి. మరునాడు విచ్చుకోబోయే మొగ్గ బాగా ఉబ్బి, పసుపు చాయ కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. అంతకన్నా చిన్నదైతే నలిగిపోతుంది, పెద్దదైతే పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఎడమ చేతి బొటన వేలు, చూపుడు వేలి మధ్య మొగ్గను మెల్లగా పట్టుకుని సూది మొనతో ధ్వజాన్ని (పెద్ద పై రెక్కను) చీల్చి పక్కకు వంచాలి. ఒక బాహువును (పక్క రెక్కను) తీసేస్తే లోపల ద్రోణులు (అడుగు రెక్కలు) చుట్ట తిరిగి ఉంటాయి. వాటి కొనను చిదిమితే పుప్పొడినిచ్చే పది పుంకేసరాలు బయటపడతాయి, తొమ్మిది కలిసి ఒకటి విడిగా. సన్న మొన పట్టకారుతో పదింటినీ లెక్కపెట్టి తీయాలి, నడుమ ఉండే ఆడ భాగమైన కీలాన్ని మాత్రం తాకకూడదు. భూతద్దంతో చూసినప్పుడు పసుపు పొడి కనిపిస్తే ఆ మొగ్గ వదిలేయడమే మేలు. ప్రతి మొగ్గకూ మధ్య పట్టకారును స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టాలి. ఆ పూగుత్తిలో మిగతా పువ్వులు, మొగ్గలు తుంచేస్తే పోషకం ఈ ఒక్కదానికే అందుతుంది.

మరునాడు ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య పరాగం పూయాలి. మన జనవరి మంచుకు ఈ వేళ కాస్త జరపాల్సి వస్తుంది, ఎందుకంటే తడిసిన పుప్పొడి ముద్దకట్టి అంటుకోదు. ఆకుల మీద తడి ఆరాక, అప్పుడే విచ్చుకున్న తండ్రి పువ్వు రెక్కలు ఒలిచి, పుప్పొడి అంటుకున్న కీలాన్నే కుంచెలా పట్టుకుని తల్లి పువ్వు కీలాగ్రానికి తాకించాలి. కాడకు దారం కట్టి, చీటీ మీద తల్లి, తండ్రి, తేదీ రాయాలి. చీటీని పెన్సిలుతోనే రాయండి. ఒక ఏడాది నేను సిరా పెన్నుతో రాసిన చీటీలు రెండు రాత్రుల మంచుకు చెరిగిపోయి, నలభై వరుసల మొక్కలకు పేర్లు లేకుండా పోయాయి. ఏవి ఎవరి పిల్లలో తెలియని ఆ మొక్కలన్నీ చివరికి పశువులకు మేతయ్యాయి.

మూడు నాలుగు రోజుల్లో సన్నటి కాయ కనిపిస్తే పని పండినట్లు, మొగ్గ పసుపెక్కి రాలితే మళ్లీ మొదలు. వంద మొగ్గలకు పాతిక కాయలు నిలిస్తే చేయి తిరిగినట్లే. సుమారు ఇరవై రోజులకు కాయ నల్లబడుతుంది, అందులో గింజలు మామూలు కాయకంటే తక్కువే ఉంటాయి. ప్రతి కాయనూ విడిగా కవరులో దాచాలి.

తరాల నడక

పెసరకు ఒక వరం ఉంది. అది రెండు నెలల పైరు, ఏడాదికి మూడు తరాలు తీయవచ్చు. జనవరిలో సంకరం, మార్చిలో బోరు కింద ఎఫ్1 (సంకరం మొదటి తరం), జూలైలో ఎఫ్2 (రెండో తరం), డిసెంబరులో కొయ్యకాళ్లలో ఎఫ్3, తరువాతి వేసవిలో ఎఫ్4, ఖరీఫ్‌లో ఎఫ్5, మళ్లీ డిసెంబరులో ఎఫ్6. రెండేళ్లలో దాదాపు స్థిరపడిన వరుసలు చేతికొస్తాయి.

ఎఫ్1 మొక్కలకు పల్లాకు మచ్చలు కనిపిస్తే కంగారు పడవద్దు, పీకేయవద్దు. చాలా సంకరాల్లో పల్లాకు నిరోధం అంతర్గత లక్షణంగా, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడేదిగా నడుస్తుంది. అందువల్ల నిరోధం ఉన్న తండ్రికి పుట్టిన ఎఫ్1 కూడా పసుపెక్కవచ్చు. ఒకే జన్యువు అయితే ఎఫ్2 లో నాలుగో వంతు మొక్కలు పచ్చగా నిలుస్తాయి, అంటే 400 మొక్కల్లో వంద. ఎఫ్2 కు మొక్కల సంఖ్య ముఖ్యమయ్యేది ఇందుకే. నలభై మొక్కలు వేసి, కావలసిన నాలుగు లక్షణాలు ఒక్క మొక్కలోనే దొరకాలని ఎదురుచూడటం లాటరీ టికెట్టు కొనడం వంటిది.

ఎఫ్2 లో కంటికి నమ్మకంగా కనిపించేవాటినే ఎంచుకోవాలి: తెగులు, కాయల ఎత్తు, పంట కాలం, గింజ రంగు. దిగుబడిని ఒక్క మొక్క మీద చూసి ఎంచవద్దు. పక్కన ఖాళీ ఉన్న మొక్క, గట్టు దగ్గరి మొక్క, పేడ దిబ్బ పక్కన మొక్క ఎప్పుడూ బాగానే కనిపిస్తాయి. ఎంచిన ప్రతి మొక్క గింజను ఎఫ్3 లో ఒక్కో వరుసగా వేసి, మొదట మంచి వరుసను, ఆ తరువాత ఆ వరుసలో మంచి మొక్కను ఎంచాలి. ఎఫ్3 ను కొయ్యకాళ్లలోకే పంపాలన్నది నా మొండితనం. దున్నిన నేలలో ముచ్చటగా ఉన్న వరుసల్లో సగం అక్కడ చతికిలపడతాయి. పడనివ్వండి, ఆ పోవడం ఎఫ్6 లో కంటే ఎఫ్3 లోనే జరగడం చౌక.

తెగులును పిలిచి చూడటం

తెగులు లేని ఏడాది అన్ని రకాలూ నిరోధకాలే. అందుకే పల్లాకు పరీక్షకు ఖరీఫ్ గాని వేసవి గాని ఎంచుకుని, ఆ తెగులును మోసే తెల్లదోమకు మందు కొట్టకుండా విడిచి, ప్రతి రెండు పరీక్ష వరుసలకు ఒక వరుస బాగా తెగులు సోకే రకం వేయాలి. ఆ తెగులు వరుసలు 80 శాతానికి పైగా పసుపెక్కకపోతే ఆ ఏటి పరీక్ష చెల్లదని నేను పక్కన పెడతాను, పచ్చగా కనిపించిన వరుసకు సర్టిఫికెట్టు ఇవ్వను. 1 నుంచి 9 కొలబద్ద మీద ఒకే మనిషి ఒకే రోజు మార్కులు వేయాలి. 1 అంటే మచ్చ లేదు, 9 అంటే చేను మొత్తం పసుపు. ఒకరు ఉదయం ఎండలో, మరొకరు సాయంత్రం నీడలో చూస్తే అదే మొక్కకు రెండు మార్కులు పడతాయి.

బూడిద తెగులుకు డిసెంబరు చివర ఆలస్యంగా విత్తి, పొగమంచుకు వదిలితే చాలు. గింజను తొలిచే పురుగుకు ఒక చిన్న డబ్బా పరీక్ష ఉంది. యాభై గింజల మధ్య కొన్ని జతల పురుగులు వదిలి, కొద్ది వారాల తరువాత ఎన్ని గింజలకు రంధ్రం పడిందో లెక్కపెట్టడమే.

అసలు పోటీ

ఎఫ్5, ఎఫ్6 దాకా వచ్చిన నలభై యాభై వరుసలకు మొదట పునరావృతాలు (ఒకే వరుసను పలుచోట్ల వేయడం) లేకుండానే, ప్రతి పది వరుసలకు ఒక చెక్కు రకం (పోలిక కోసం వేసే తెలిసిన రకం) మళ్లీ మళ్లీ వచ్చేలా వేసి, అందులో ఎనిమిదో పదో మిగుల్చుకోవచ్చు. అసలు పందెం ఆ మిగిలిన వాటి మధ్యనే. చెక్కులు మూడు ఉండాలి: ఎల్‌జీజీ 460, ఒక పల్లాకు నిరోధక రకం, ఊరి వాళ్ల సొంత గింజ. మూడోదాన్ని తీసేస్తే కొత్త రకానికి పరీక్ష సులువవుతుంది, రైతుకు మాత్రం అబద్ధం చెప్పినట్లవుతుంది.

వరి మడి సమతలంగా కనిపించినా తేమ అంతటా ఒకలా ఉండదు. కాలువ వైపు ఎక్కువ, ఎగువ గట్టు వైపు తక్కువ. కోతకు ముందే మడిలో నడిచి, కర్ర గుచ్చుకుంటూ ఎక్కడ సులువుగా దిగుతోందో చూసుకోండి. ఆ తేమ వాలుకు అడ్డంగా మూడు బ్లాకులు గీసి, ఒక్కో బ్లాకులో తేమ ఒకలా ఉండేలా చూడాలి. ప్రతి బ్లాకులో అన్ని రకాలూ ఉండాలి, వాటి స్థానం చీటీలు తీసి నిర్ణయించాలి. ఈ చీటీల పనిని ‘మంచి వరుస గట్టు పక్కన వేద్దాం’ అని మనసు మధ్యలో ఆపుతుంది, దాని మాట వినకూడదు.

ఒక మడి చెక్క పొడవు 4 మీటర్లు, 30 సెంటీమీటర్ల దూరంలో ఆరు వరుసలు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు అనుకుందాం. 7.2 చదరపు మీటర్లు, దాదాపు 240 మొక్కలు. మొలక శాతం 85 అయితే 282 గింజలు కావాలి. వంద గింజలు 3.5 గ్రాములు తూగే సన్నరకానికి ఇది సుమారు 9.9 గ్రాములు, 5 గ్రాములు తూగే లావురకానికి 14.1 గ్రాములు. రెంటికీ ఒకే బరువు చల్లితే లావు గింజ రకానికి మొక్కలు మూడో వంతు దాకా తగ్గిపోతాయి, ఓడిపోయిందని మనం రాసుకుంటాం. దోషం మన తూకానిది. చల్లే పద్ధతిలోనే చివరి పరీక్ష జరపాలి గాని, గింజ తక్కువున్న దశలో కొయ్యకాళ్ల మధ్య కర్రతో గుంట చేసి ఒక్కో గింజ వేయడమే నయం.

పైరు ఉన్నంత కాలం నోటు పుస్తకంలో చేరవలసినవి: పదిహేను రోజులకు నిలిచిన మొక్కలు, సగం మొక్కలు పూతకొచ్చిన రోజు, పక్వానికొచ్చిన రోజు, కోత నాడు మిగిలిన మొక్కలు, అయిదు మొక్కల ఎత్తు, గుత్తులు, కాయలు, కాయకు గింజలు, వంద గింజల బరువు. దీనికి నేను కలిపే ఒక అంకె మొదటి కోతలోనే వచ్చిన గింజల శాతం. ఒక రకం మొత్తం దిగుబడిలో గెలిచి, అందులో సగం మూడో కోతలో ఇస్తే ఆ గెలుపు చాలాసార్లు కూలి మనుషుల చేతుల్లోనే మిగిలిపోతుంది. పెసర కోసే ఆడవాళ్లను ఒక్కమాట అడగండి. ఏ రకం కాయలు ఆకుల కింద దాక్కుంటాయో మన మార్కుల కంటే ముందు వాళ్ల నడుములకు తెలుస్తుంది.

కోతలో ఇంకో జాగ్రత్త. ఒక మనిషికి ఒక చెక్క చొప్పున కాకుండా ఒక బ్లాకు మొత్తం అప్పగించాలి. చురుకైన చేతికి ఒక రకం, నెమ్మది చేతికి మరో రకం దొరికితే మనం చేతుల్ని పోల్చినట్లవుతుంది. ఆరు వరుసల్లో రెండు చివరి వరుసలు వదిలి నడిమి నాలుగే తూకానికి తీసుకోవాలి.

కల్లం, లెక్క

నడిమి నాలుగు వరుసలంటే 1.2 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు, అంటే 4.8 చదరపు మీటర్లు. అక్కడ 420 గ్రాములు వచ్చి, గింజలో తేమ 13 శాతం ఉందనుకుందాం. దానిని 9 శాతానికి మార్చాలంటే 420 ని 87 తో గుణించి 91 తో భాగించాలి, సుమారు 401 గ్రాములు. చదరపు మీటరుకు 83.6 గ్రాములు, ఎకరానికి దాదాపు 338 కిలోలు. తేమ చూడకుండా లెక్కిస్తే 354 కిలోలని రాసుకుని, 16 కిలోల నీటిని దిగుబడిగా పొగిడి ఉండేవాళ్లం.

ఒక్కో రకానికి మూడు చెక్కల సగటు తీశాక గణాంక విశ్లేషణ చేసి కనీస సార్థక వ్యత్యాసం (ఇంతకు మించితేనే తేడా నిజమని నమ్మే హద్దు) చూడాలి. చెక్కు 338, కొత్త రకం 372 వచ్చి, ఆ వ్యత్యాసం 41 అని తేలితే, 34 కిలోల తేడాను తేడాగా ప్రకటించకూడదు. ఇక్కడ చాలామందికి మనసు బరువెక్కుతుంది. రెండేళ్ల శ్రమ తరువాత ‘సమానం’ అని రాయడం కష్టమే. సమానంగా దిగుబడి ఇస్తూ పల్లాకును తట్టుకుని, వారం ముందే పండితే అది కూడా ఒక రకమే. దానికి తగ్గ మాటలతో సిఫారసు చేయాలి, దిగుబడి మాటలతో కాదు.

ఒక మడి ఒక ఏడు చాలదు. మూడు రబీలు, అందులో ఒకటైనా మంచు ఎక్కువ ఉన్నది, ఒకటైనా నేల తొందరగా ఆరినది ఉండేలా, వంశధార ఆయకట్టు నల్ల నేల ఒకటి, నాగావళి పరిసరాల్లో ఒకటి, ఎర్ర నేల ఒకటి కలిసేలా చూసుకోవాలి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైరా వ్యవసాయ కళాశాల, రాగోలు, విజయనగరం పరిశోధన స్థానాలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. పరీక్ష ప్రణాళిక కాగితం మీద ఉన్నప్పుడే వారికి చూపించడం మంచిది. విత్తనం చల్లాక చూపిస్తే సరిదిద్దేది ఏమీ ఉండదు.

పొలం నుంచి కాగితం దాకా

చివరగా గెలిచిన ఒకటి రెండు రకాలను ఐదు సెంట్ల ముక్కలుగా వేర్వేరు ఊళ్ల రైతుల మడుల్లో, వాళ్ల పద్ధతిలోనే, వాళ్ల ఊరి గింజ పక్కనే చల్లించాలి. ఎవరు ఎప్పుడు చల్లారో, ఎంత చల్లారో అడిగి రాసుకోండి గాని సరిదిద్దకండి. ఆ రైతులు మరుసటి ఏడాది అడగకుండా విత్తనం దాచుకున్నారా అన్నదాన్ని మించిన మార్కు లేదు.

ధ్రువీకరించిన విత్తనంగా బజారులో అమ్మాలంటే ఆ రకం 1966 విత్తన చట్టం కింద నోటిఫై కావాలి, అందుకు బహుళ ప్రాంతీయ పరీక్షల లెక్కలు అవసరం. రకం మీద హక్కు కోసం 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఉంది. ఆ చట్టం రైతు సొంతంగా రూపొందించిన రకాన్ని కూడా నమోదు చేసుకోనిస్తుంది, దాచిన విత్తనాన్ని బ్రాండు పేరు లేకుండా మార్చుకోవడం, అమ్మడం రైతు హక్కుగానే ఉంచుతుంది. భిన్నత, ఏకరూపత, స్థిరత్వం చూపించాలి కాబట్టి ఎఫ్6 లోనూ రంగు తేడా మొక్కలు కనిపిస్తే బద్ధకించకుండా పీకండి.

మూల విత్తనం పెంచే మడికి చుట్టూ 10 మీటర్ల లోపు మరో పెసర ఉండకూడదు. నూర్పిడి కల్లం వేరుగా ఉండాలి, బస్తాలు తిరగేసి దులిపినవై ఉండాలి. ఇక మన మాగాణుల్లో ప్రత్యేకంగా చూడవలసింది బంగారు తీగ. పసుపు దారాల్లా అల్లుకునే ఆ పరాన్న కలుపు గింజ ఒక్కటి మూల విత్తనంలో కలిసినా, మీ కొత్త రకం వెళ్లిన ప్రతి ఊరికీ అది వెళుతుంది. అందుకని జల్లెడ పట్టాక పళ్లెంలో పోసి చేత్తో ఏరండి, తేమ 9 శాతానికి దిగేదాకా ఎండబెట్టండి, గోనె సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ కట్టండి. రెండూ పెన్సిలుతోనే.